అలవాటైపోతుంది

రోడ్ బైక్ కొనడానికి వెళ్ళినవాళ్ళు ఫ్రేము గురించి అడుగుతారు, గేర్ల గురించి అడుగుతారు, బరువెంతుందో ఒంటిచేత్తో ఎత్తి చూస్తారు. హ్యాండిల్ బార్ గురించి అడిగేవాళ్ళు తక్కువ. అది బండితో పాటు వచ్చేది, ఏదొస్తే అదే. ఓ నెల తొక్కాక చేతులు లాగుతున్నాయనో, మెడ పట్టేస్తోందనో చెప్తే, షాపులో అయినా తోటి రైడర్ల దగ్గరైనా వినిపించే జవాబు ఒకటే: "అలవాటైపోతుంది."

ఈ మాట మీద నాకు చాలారోజులుగా అనుమానం. అబద్ధమని కాదు, చాలాసార్లు నిజమే. ఉద్యోగానికీ, ఊరికీ, కొత్త కాపురానికీ, ట్రాఫిక్‌కీ మనం అలవాటుపడ్డవాళ్ళమే. కానీ అలవాటుపడటం ఎప్పుడు ఎదుగుదల అవుతుంది, ఎప్పుడు లొంగుబాటు అవుతుంది? మనిషికీ వస్తువుకీ పొసగనప్పుడు ఎవరు మారాలి? ఈ ప్రశ్నని పెద్దపెద్ద విషయాల దగ్గర అడిగితే వెంటనే గొడవలోకి దిగిపోతాం. గొట్టం ముక్క దగ్గర అడిగితే కాస్త నెమ్మదిగా ఆలోచించొచ్చనిపిస్తుంది.

ముందు వస్తువు సంగతి. రోడ్ బైకుకుండే డ్రాప్ బార్, పొట్టేలు కొమ్ముల్లాగా ముందుకెళ్ళి, కిందికి వంగి, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. చేతులు పెట్టుకోడానికి ముఖ్యంగా మూడు చోట్లు: పైన అడ్డంగా ఉండే భాగం, బ్రేక్ లివర్ల మీది రబ్బరు తొడుగులు (హుడ్స్ అంటాం), కింది వంపు. చూడాల్సిన కొలతలూ మూడే. వెడల్పు. రీచ్, అంటే బార్ ముందుకి ఎంత చాచుకుని ఉందో. డ్రాప్, అంటే పైనుంచి కింది వంపుకి ఎంత లోతుందో. పాతకాలపు గుండ్రటి బార్లలో డ్రాప్ 140 మి.మీ. దాటడం మామూలే. ఇప్పుడు ఎక్కువగా కనిపించే కాంపాక్ట్ బార్లలో అది 125 మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది, రీచ్ 70-80 మి.మీ. మధ్య. నడుము అంతగా వంగనివాడు కూడా కింది వంపుని వాడుకోగలగాలనే ఆలోచన ఆ ఆకారం వెనకాల ఉంది.

వెడల్పుకో పాత లెక్కుంది. భుజం పైన, చెయ్యి మొదలయ్యే చోట తడిమితే ఓ ఎముక అంచు తగులుతుంది. రెండు భుజాల అంచుల మధ్య ఎంత దూరముంటే బార్ అంత వెడల్పుండాలి. ఇప్పటి రేసర్లు గాలి తక్కువ తగలాలని అంతకన్నా ఇరుకైనవి వాడుతున్నారు, అది వేరే కథ. మామూలుగా దొరికే బళ్ళకి మాత్రం చాలావరకు చిన్న ఫ్రేముకి 40 సెం.మీ., మధ్యస్థానికి 42, పెద్దదానికి 44 బిగించి పంపిస్తారు. మన ఎత్తుని బట్టి ఫ్రేము, ఫ్రేముని బట్టి బార్. ఎత్తు తెలిస్తే భుజాలు కూడా తెలిసిపోయినట్టే అన్న నమ్మకమన్నమాట.

రెండు సెంటీమీటర్లకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. బార్ మరీ వెడల్పైతే చేతులు బయటికి తెరుచుకుని, ఆ భారాన్ని మెడా, వీపు పైభాగమూ మోస్తాయి. రీచ్ ఎక్కువైతే ఒంటి బరువు అరచేతుల మీదికి జారుతుంది. అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు, అల్నార్ నరం పైపైనే వెళ్తుంది. దానిమీద గంటలకొద్దీ ఒత్తిడి పడితే చిటికెన వేలూ, ఉంగరం వేలూ తిమ్మిరెక్కుతాయి. వైద్యంలో దీనికి సైక్లిస్టుల పేరే పెట్టేశారు, సైక్లిస్ట్స్ పాల్సీ అని.

నా భుజాల మధ్య దూరం 39. బండితో వచ్చిన బార్ 42. శనివారం పొద్దున్నే నార్సింగి వైపునుంచి ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తొక్కి ఇంటికొస్తే, చొక్కా గుండీలు పెట్టుకోడానికి వేళ్ళు మాట వినేవి కావు. బండి కొన్న చోట అడిగితే పై జవాబే వచ్చింది. నెలన్నర గడిచాక వాళ్ళన్నట్టు అలవాటైంది కూడా. తిమ్మిరి పోలేదు. అది వార్త కావడం మానేసింది, అంతే.

"సగటు మనిషికి సరిపోయేలా చేస్తాం కదా" అని తయారుచేసేవాళ్ళు అనొచ్చు. ఆ సగటు మనిషి కోసం అమెరికా వైమానిక దళం ఒకసారి నిజంగానే వెతికింది. 1950లో నాలుగు వేలమందికి పైగా పైలట్ల శరీరాలని కొలిచారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే పరిశోధకుడు వాటిలోంచి కాక్‌పిట్‌కి ముఖ్యమైన పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్ళెంతమందో లెక్కపెట్టాడు. 4,063 మందిలో ఒక్కడూ లేడు. చేతులు సగటుగా ఉన్నవాడికి కాళ్ళు పొడుగు, ఛాతీ సగటైనవాడికి నడుం సన్నం. సగటు పైలట్ కోసం కట్టిన కాక్‌పిట్ ఏ పైలట్‌కీ కట్టింది కాదని తేలింది. ఆ తర్వాతే సీట్లూ, పెడళ్ళూ సర్దుకోడానికి వీలుగా రావాలన్న పట్టుదల మొదలైంది.

ఈ సంగతి అరిస్టాటిల్‌కి కొలతల టేపు లేకుండానే తెలుసు. నైతికతలో మధ్యేమార్గం అంటే అంకగణితంలో మధ్య కాదంటాడు. పది పాళ్ళ తిండి ఎక్కువా, రెండు పాళ్ళు తక్కువా అయితే అందరికీ ఆరు పాళ్ళు పెట్టమని కాదు. మిలో లాంటి మల్లయోధుడికి ఆరు చాలదు, కసరత్తు ఇప్పుడే మొదలుపెట్టినవాడికి ఎక్కువ. మధ్య అనేది వస్తువులో లేదు, మనకీ వస్తువుకీ ఉన్న సంబంధంలో ఉంది. హ్యాండిల్ బార్ విషయంలో ఇది అక్షరాలా నిజం. "మంచి బార్" అనేది లేదు. "ఈ ఒంటికి, ఈ దారికి మంచి బార్" అనేదుంది.

ఇక్కడే ఆగిపోతే ఈ వ్యాసం సుఖంగా ముగుస్తుంది: వస్తువే మారాలి, మనిషి మారక్కర్లేదు. కానీ అది సగమే నిజం.

మా తరంలో చాలామంది సైకిల్ నేర్చుకుంది నాన్న సైకిల్ మీదే. సీటెక్కితే పెడళ్ళందవు. అందుకని ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకి వంకర తిప్పి తొక్కేవాళ్ళం. అంతకన్నా పొసగని బండి లోకంలో ఉండదు. అయినా ఆ రోజుల్ని తలుచుకుంటే ఎవరి మొహమైనా వెలుగుతుంది. "నీ ఎత్తుకి సరిపోయే సైకిల్ కొనేదాకా తొక్కకు" అని ఎవరైనా అని ఉంటే అది దయ అయ్యేది కాదు. వీణ నేర్చుకునేవాళ్ళ వేళ్ళు మొదట్లో కోసుకుంటాయి, తర్వాత కాయలు కాస్తాయి. అది వీణ తప్పనం.

గ్రేమ్ ఓబ్రీ సంగతే తీసుకోండి. స్కాట్లాండ్ మనిషి, తన బండి తనే చేసుకున్నాడు. అందులో వాషింగ్ మెషీన్ బేరింగులు వాడాడన్నది సైకిల్ ప్రపంచంలో అందరికీ తెలిసిన ముచ్చట. చేతుల్ని ఛాతీ కిందికి ముడుచుకుని తొక్కేలా హ్యాండిల్ బార్ పెట్టుకున్నాడు. 1993 జులై 17న నార్వేలోని హామార్‌లో గంటలో 51.596 కిలోమీటర్లు వెళ్ళి ప్రపంచ రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ ఆ భంగిమని నిషేధించింది. చూసేవాళ్ళకి ఆ భంగిమ ఓ శిక్షలా కనిపిస్తుంది. కానీ ఆ కష్టం అతను తనకోసం కోరుకుని, కొలిచి, వెల్డింగ్ చేసుకున్న కష్టం. సుఖమూ, పొందికా ఒకటి కాదన్నమాట. పొందికలో కష్టం ఉండొచ్చు. ఆ కష్టానికి ఓ అర్థముండాలి, అంతే.

అయితే తేడా ఎలా తెలుస్తుంది? నాకు తోచిన ఆనవాలు ఇది. నొప్పి తగ్గడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బలం పెరగడం. రెండోది, స్పర్శ పోవడం. కొత్త రైడర్‌కి మొదటి నెలలో వీపు నొప్పెడుతుంది, కండ గట్టిపడ్డాక తగ్గుతుంది. అప్పుడతను మొదట్లో చెయ్యలేని పనేదో చెయ్యగలుగుతున్నాడు. వేళ్ళు తిమ్మిరెక్కి నొప్పి తెలియకపోతే మాత్రం, మొదట్లో చెయ్యగలిగిన పని ఇప్పుడు చెయ్యలేకపోతున్నాడు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండిట్లోనూ మనిషి ఫిర్యాదు చెయ్యడం ఆపేస్తాడు. షాపువాడికి వినపడేది ఆ నిశ్శబ్దమొక్కటే. "చెప్పాను కదా" అంటాడు.

ఈ నిశ్శబ్దం గురించి తత్వవేత్తలూ, ఆర్థికశాస్త్రవేత్తలూ చాలా రాశారు. జాన్ ఎల్స్టర్ 1983లో రాసిన పుస్తకానికి పుల్లని ద్రాక్షల పేరే పెట్టాడు. అందనిదాన్ని వద్దనుకోవడం కూడా ఒకరకం అలవాటే. అమర్త్య సేన్ చెప్పే ఉదాహరణ ఇంకా కలవరపెడుతుంది. బెంగాల్ కరువు తర్వాత, 1944లో కలకత్తా దగ్గర జరిగిన ఓ సర్వేలో ఆరోగ్యమెలా ఉందని అడిగితే, భార్య పోయిన మగవాళ్ళలో దాదాపు సగంమంది బాగోలేదన్నారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా అన్నవాళ్ళు చాలా కొద్దిమంది. వాళ్ళ ఆరోగ్యం నిజంగా బాగుండి కాదు. ఒంటి గురించి ఫిర్యాదు చేసే అలవాటు వాళ్ళకి లేదు. "మంచమున్నంత వరకే కాళ్ళు చాపుకో" అంటుంది మన సామెత. డబ్బు విషయంలో మంచి సలహానే. కానీ చిన్నప్పట్నుంచీ కాళ్ళు ముడుచుకుని పడుకున్నవాళ్ళని "మంచం సరిపోయిందా?" అని అడిగితే సరిపోయిందనే అంటారు. మంచం ఎవరు చేశారు, ఎవర్ని కొలిచి చేశారు అనే ప్రశ్న సామెతలో లేదు.

ఆ ప్రశ్న ఎంత నిజమైందో ఈమధ్యే హ్యాండిల్ బార్ల దగ్గరే చూశాం. రేసర్లు మరీ ఇరుకు బార్లు వాడటం ప్రమాదకరమంటూ యూసీఐ 2025లో కొత్త నియమం ప్రకటించింది. 2026 నుంచి బార్ వెడల్పు బయటి అంచు నుంచి బయటి అంచుకి కనీసం 400 మి.మీ. ఉండాలి, హుడ్స్ మధ్య లోపలి ఎడం కనీసం 320 మి.మీ. ఉండాలి. భద్రత కోసమే కదా, అందరికీ ఒకటే కదా. కానీ గొట్టం మధ్యనుంచి మధ్యకి కొలిస్తే ఆ 400 అంటే దాదాపు 38 సెం.మీ. బార్. మహిళా రైడర్లలో 36 సరిపోయేవాళ్ళున్నారు. విశాలమైన భుజాలవాడు గాలిని మోసం చెయ్యడానికి వాడే 36 వేరు, చిన్న భుజాల మనిషి తన కొలతకి వాడే 36 వేరు. నియమానికి రెండూ ఒకటే. అభ్యంతరాలు వచ్చాక హుడ్స్ మధ్య ఎడాన్ని 280కి తగ్గించారు. 400 మాత్రం అలాగే ఉంది. ఎవరిమీదా పగతో రాసిన నియమం కాదది. రాసేటప్పుడు కళ్ళముందున్న భుజాలు ఎవరివో దాన్ని బట్టి వచ్చిన నియమం. మా వృత్తిలో దీన్ని డిఫాల్ట్ అంటాం. డిఫాల్ట్‌గా పెట్టిన విలువకి పక్షపాతం ఉండదనుకుంటాం గానీ, అది కూడా ఎవరో ఒకరు, ఎవర్నో ఒకర్ని మనసులో పెట్టుకుని తీసుకున్న నిర్ణయమే.

ఇంకో సంగతుంది, దాన్ని దాటేసి వెళ్ళడం నాకు చేతకావట్లేదు. నేను 40 బార్ కొనుక్కున్నాను. పాత టేపు ఊడదీయించి, కేబుళ్ళు మళ్ళీ బిగించి, కొత్త టేపు చుట్టించుకున్నాను. వేళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నాయి. కానీ శనివారం సరదాగా మూడు గంటలు తొక్కే నా రెండు సెంటీమీటర్ల గురించి ఇంత రాస్తున్నాను కదా, అదే రోడ్డు మీద అద్దె బండేసుకుని రోజుకి పది గంటలు తిండి పొట్లాలు మోసే కుర్రాడి మణికట్టు సంగతేంటి? వాడి హ్యాండిల్‌కి కొలతల చర్చే లేదు. వాడికీ ఎవరో "అలవాటైపోతుంది" అనే ఉంటారు. పొందిక అనేది డబ్బున్నవాళ్ళు కొనుక్కునే సరుకైపోతే, వస్తువు మనిషికి తగ్గట్టుండాలి అన్న మాటకి నీతిగా విలువేం మిగలదు, షోకుగా మిగులుతుంది.

అందుకే నేను వెళ్ళాల్సిన చోటు "ఎవరు మారాలి" అనే ప్రశ్న కాదనుకుంటున్నాను. కొంత వస్తువు మారాలి, కొంత మనిషి మారాలి. ఎప్పుడూ అంతే. అడగాల్సింది ఇంకొకటి: ఆ అలవాటు ఖర్చు ఎవరి ఒంటిమీద పడుతోంది, వద్దనుకుంటే మార్చుకునే వీలు వాళ్ళకుందా? ఓబ్రీకి ఉంది. వీణ నేర్చుకునే పిల్లకి, ఇష్టంతో నేర్చుకుంటుంటే, ఉంది. తన ఒంటికి తగిలేదాని గురించి తనే "అలవాటు చేసుకుంటాను" అంటే అది సాధన. ఇంకొకరి ఒంటి గురించి మనం "అలవాటైపోతుంది" అంటే అది చాలాసార్లు, మార్చడం మాకు కుదరదు అని మర్యాదగా చెప్పడమే.

ఇది బళ్ళు తయారుచేసే పద్ధతికి కూడా వర్తిస్తుంది. ఖరీదైన కొత్త బళ్ళలో బారూ స్టెమ్మూ ఒకే ముక్కగా వస్తున్నాయి, బ్రేక్ గొట్టాలన్నీ వాటి లోపల్నుంచే వెళ్తాయి. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. కానీ వెడల్పు మార్చాలంటే బ్రేక్ గొట్టాలు విప్పి, ఆయిల్ మళ్ళీ నింపి, సగం బండి ఊడదీయాలి. పాత బండికైతే స్టెమ్ మీద నాలుగు బోల్టులు వదులు చేసి బార్‌ని కొద్దిగా పైకి తిప్పి బిగిస్తే, మణికట్టు విరుపు అప్పటికప్పుడే తగ్గుతుంది. ఖర్చు లేదు. అలెన్ కీ ఒకటి, పావుగంట సమయం. మనుషుల కోసం ఏం తయారుచేసినా, బండైనా, ఆఫీసైనా, నియమమైనా, ఆ నాలుగు బోల్టులు అందుబాటులో ఉంచడం మనం చెయ్యగలిగిన కనీస మర్యాద. ఎవరికెంత తిప్పుకోవాలో వాళ్ళ చేతులకే తెలుస్తుంది. తిమ్మిరెక్కకముందు అడిగితే చెప్తాయి కూడా.