లంచం లేని చోట అవినీతి

2023 జూన్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయ ఉపకులపతిని 50,000 రూపాయల లంచం ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. ఆ వార్త చదివి, నల్లగొండలో ఒక అధ్యాపక మిత్రుడు నాతో, "లంచాలు పోతే చాలు, మన విద్యాలయాలు బాగుపడతాయి" అన్నాడు. నేను ఒప్పుకోలేకపోయాను. లంచమే అవినీతి అయితే, ఇంగ్లండును కుదిపిన ఆక్స్‌ఫర్డు వివాదానికి అర్థమే లేదు.

అక్కడి కళాశాలలను స్థాపించిన దాతలు పలువురు, అవి పేద విద్యార్థుల కోసమని శాసనాలలోనే వ్రాశారు. పందొమ్మిదవ శతాబ్దం నాటికి ఆ మాన్యాల ఆదాయం ఫెలోల పాలయింది. వారిలో చాలామంది పాఠం చెప్పనక్కరలేదు, ఆ ఊళ్లో ఉండనక్కరలేదు. కళాశాలల పెద్దలు విశ్వవిద్యాలయాన్ని స్వలాభానికి కబళించారనీ, శాసనాలను పాటిస్తామని ప్రమాణం చేసి వాటినే కాలరాశారనీ 1831లో సర్ విలియం హామిల్టన్ 'ఎడిన్‌బరో రివ్యూ'లో దుయ్యబట్టాడు. 1850లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేస్తే, పెద్దలు పలువురు సహకరించడానికే నిరాకరించారు. దాత ఆశయం పవిత్రమన్నారు. దాత బంధువులకు, ఫలానా జిల్లావారికి ఇవ్వమన్న చోట అది పవిత్రమే! పేదలకివ్వమన్న చోట మాత్రం ఎవరికీ గుర్తులేదు.

1854 చట్టం తర్వాత క్రమంగా బంధుత్వం స్థానంలో పోటీ పరీక్ష వచ్చింది. అది పురోగమనమే, సందేహం లేదు. కాని పోటీకి సిద్ధం కాగలిగినవారు ఎక్కువగా ఖరీదైన బడుల పిల్లలే. పేదవాడి హక్కు అంతవరకు ఉల్లంఘనకు గురయ్యేది. ఇప్పుడు ఊసులోనే లేకుండా పోయింది.

"మరి ప్రతిభకు విలువ లేదా?" అన్నాడు మిత్రుడు. ఉన్నది. అయితే పరీక్ష కొలిచేది ప్రతిభనా, తండ్రి సంపాదననా అని ముందు తేల్చుకోవాలి.

నల్లగొండలో 2007లో, పాలమూరులో 2008లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. ఒకటి ఫ్లోరైడు నీళ్లతో తరాలుగా ఎముకలు వంగిన పల్లెల సీమ. ఒకటి వలస కూలీల సీమ. వీటికి దాత ఎవరు? అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే ఆ కూలీయే. ఆయన శాసనం వ్రాయలేదు. తన బిడ్డ కూడా ఆ తరగతిలో కూర్చోవాలన్నదే ఆయన కోరిక.

లంచగొండిని శిక్షించవలసిందే. కాని ఏ లంచమూ లేని పరీక్షలో సైతం ఆ కూలీ కూతురు గుమ్మం బయటే మిగిలిపోతే, ఆమె సొత్తు చట్టబద్ధంగానే చేతులు మారినట్లు. కనుక విద్యార్థులూ అధ్యాపకులూ ఏటా ఒక లెక్క అడగాలి: చేరినవారిలో కూలీల బిడ్డలెందరు, చదువు ముగించినవారెందరు? ఆ లెక్క చెప్పడానికి పెద్దలు నిరాకరిస్తే, 1850నాటి ఆక్స్‌ఫర్డు మనకు ఎంతో దూరంలో లేదు.