మొగ్గల లెక్క

చదువవలసిన భాగం: మత్తయి సువార్త 6:25–34

సోమవారం పొద్దున్నే మాదాపూర్‌లోని పెద్ద ఆఫీసుల లాబీల్లో పూలు మారుస్తారు. ట్యాగు చూపించి గేటు దాటే హడావిడిలో ఎవరికీ పట్టదు గానీ, ఆ పని చూడదగ్గది. లిల్లీ విచ్చుకోగానే హౌస్‌కీపింగ్ అమ్మాయి టిష్యూ పట్టుకుని, పువ్వు నడిమధ్యనున్న ఆరు కేసరాల కొసలనూ ఒక్కొక్కటే గిల్లేస్తుంది. ఆ ఇటుకరంగు పుప్పొడి చొక్కాకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు మరి.

ఇది మన దండల్లోని లిల్లీ కాదు. గుడిమల్కాపూర్ మార్కెట్లో కిలోల లెక్కన తూచి అమ్మేది నేలసంపెంగ. మెక్సికో మొక్కే అయినా ఎప్పుడో మనదైపోయింది. చేవెళ్ళ, షాబాద్ వైపు రైతులు దుంప నాటితే సుమారు మూడు నెలలకు పూత మొదలవుతుంది, రెండు మూడేళ్ళు కోతకొస్తూనే ఉంటుంది. లాబీలో ఉన్నది ఓరియెంటల్ లిల్లీ. దాని దుంపలు చాలావరకు హాలెండ్ నుంచి వస్తాయి. అక్కడ చలికాలం ముందు తవ్వి, కడిగి, తడి పీట్‌లో సర్ది, సున్నా డిగ్రీలకు కాస్త కింద నిలవ పెడతారు. చలి తగలనిదే ఆ దుంప సరిగా మొలవదు. ఆ చలిలోనే ఉంచితే నెలల తరబడి ఆగుతుంది కూడా. తర్వాత బయటికి తీసి, ఏ నీలగిరుల్లోనో హిమాచల్‌లోనో పాలీహౌస్‌లో నాటితే మూడు నాలుగు నెలల్లో పువ్వు. అందుకే పెళ్ళిళ్ళకా, క్రిస్మస్‌కా, ఈస్టర్‌కా అన్నది ముందే అనుకుని, వెనక్కి లెక్కగట్టి నాటుతారు. పూసే తేదీ మనిషి చేతిలోకి వచ్చేసింది.

తేదీలు మనకు కొత్తా? 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఆ చుట్టుపక్కలంతా రాళ్ళగుట్టలే. ఇప్పుడక్కడ ఏ అంతస్తుకెళ్ళినా రిలీజ్ తేదీ, క్వార్టర్ ముగింపు, అప్రైజల్.

అయితే పూలు పెంచేవాడి చేతిలో లేనిది ఒకటుంది. దుంపలను చుట్టుకొలతను బట్టి గ్రేడు చేస్తారు. 14–16 సెంటీమీటర్లది ఒక రకం, 18–20ది ఇంకో రకం. దుంప ఎంత లావుంటే అంత ఎక్కువ మొగ్గలు. ఆ లావు అంతకుముందు రెండు మూడేళ్ళు మట్టిలో ఊరినది. నాటిన తర్వాత ఎన్ని తంటాలు పడ్డా దుంప సత్తువకు మించి ఒక్క మొగ్గ ఎక్కువ రాదు. పోనీ తొందరపడి వేడి పెంచితే? కాడ గిడసబారుతుంది, ఉన్న మొగ్గలే ఎండి రాలిపోతాయి.

చింతపడినంత మాత్రాన మనిషి ఎత్తు పెరగదని గుర్తుచేశాకే ప్రభువు పూల వైపు చూపించాడు. ఎండిన మొగ్గలను చూసిన రైతు ఇంకో మాట కూడా చెప్పగలడు, తొందర ఉన్నదాన్ని కూడా రాల్చేస్తుందని. రాత్రి రెండింటికి మెయిల్ కోసం ఫోన్ వెలిగించి చూసేవాళ్ళకూ ఇది తెలిసిందే. రేటింగు మారదు. తెల్లారి పిల్లలతో నెమ్మదిగా మాట్లాడే ఓపిక మాత్రం పోతుంది.

అడవిపువ్వులు కష్టపడవన్న వాక్యాన్ని అడ్డం పెట్టుకుని పని ఎగ్గొట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పువ్వు కష్టపడదు, నిజమే. కోసేవాళ్ళు పడతారు. ఎండెక్కితే పువ్వు వాడుతుందని చీకటితోనే చేలోకి దిగుతారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక రేటు పడిపోయినా కోత మానరు, మానితే కుదరదు. నాటడం, తడపడం, కోయడం వాళ్ళ వంతు. మొగ్గ వేయడం వాళ్ళ వంతు కాదు, దానికోసం రాత్రంతా చేలో కూర్చుని కాపలా కాసేవాడు ఎవడూ లేడు.

ప్రార్థన: తండ్రీ, ఈరోజు నా బల్ల మీదున్న పని చేయడానికి బలమివ్వు. నా చేతిలో లేనిదాని కోసం నిన్న పోగొట్టుకున్న నిద్రను ఈ రాత్రి నాకు తిరిగి ఇవ్వు. గుడిమల్కాపూర్‌లో ఈ తెల్లవారుజామున పూలబస్తాలు దించినవారికి వారి సరుకుకు తగిన ధర దొరకనివ్వు. లాబీలో పూలు సర్దే ఆ అమ్మాయి పేరు అడిగి తెలుసుకునేపాటి తీరిక నాకు ఈ వారమైనా దయచేయి. యేసు నామమున, ఆమేన్.