వితంతువు తట్టిన తలుపు



పునీత లూకా సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం మనకందరికీ తెలిసినదే. ఒక పట్టణంలో దేవునికి భయపడని, మనుషులను లెక్కచేయని న్యాయాధిపతి ఒకడు ఉన్నాడు. ఆ పట్టణంలోనే ఒక వితంతువు ఉంది. ఆమెకు ధనబలం లేదు, వెనుక నిలబడే మనిషి లేడు. అయినా ఆమె మాటిమాటికీ అతని వద్దకు వెళ్ళి న్యాయం చేయమని అడిగింది. చివరకు ఆ కఠినాత్ముడు ఆమె పోరు పడలేక న్యాయం చేశాడు. విసుగు చెందక ప్రార్థించాలని నేర్పడానికి ప్రభువు ఈ కథ చెప్పారు. అయితే అందుకు ఆయన ఎవరిని ఆదర్శంగా చూపారో గమనించండి. అధికారి గుమ్మం ముందు నిలబడి తనకు రావలసిన న్యాయాన్ని అడిగిన ఒక పేదరాలిని చూపారు. కనుక వినతిపత్రం పట్టుకుని ప్రజాప్రతినిధి వద్దకు వెళ్ళడం విశ్వాసికి తగని పని అని ఎవరూ అనుకోరాదు.

గంజాయి విషయంలో ఈనాడు ఆ తలుపు తట్టేవారు చాలామంది ఉన్నారు. దానిని చట్టబద్ధం చేయాలని కొందరు కోరుతున్నారు. పాటియాలా లోక్‌సభ సభ్యులుగా ఉన్న డాక్టర్ ధరమ్‌వీర గాంధీ 2016లో ఈ దిశగా ఒక ప్రైవేటు బిల్లుకు ప్రయత్నించారు. మత్తు గుణం బాగా తక్కువగా ఉండే రకాన్ని నార కోసం పండించడానికి ఉత్తరాఖండ్ అనుమతులిచ్చింది. మందులకు, పరిశ్రమలకు పనికివచ్చే సాగును హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024లో చర్చించింది. కెనడా 2018లోనే పెద్దలు వాడుకోవడానికి అనుమతించింది. అక్కడికి చదువుకు వెళ్ళిన మన పిల్లలు దుకాణాల్లో దానిని అమ్మడం చూస్తున్నారు. ఇంటికి ఫోను చేసినప్పుడు, అక్కడ లేని తప్పు ఇక్కడెందుకని వారు అడిగితే మన వద్ద జవాబు ఉండాలి.

మొదట చట్టం ఏమంటున్నదో తెలుసుకుందాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి పండిస్తే పదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 20 కిలోలకు మించి దొరికితే శిక్ష పదేళ్ళకు తగ్గదు. అయితే వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు అవసరమైన సాగును అనుమతించే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. అంటే మందు వేరు, మత్తు వేరు అని చట్టం ఇదివరకే ఒప్పుకున్నది.

తిరుసభ బోధ కూడా ఈ భేదాన్ని పాటిస్తున్నది. వైద్యం కోసం తప్ప మాదకద్రవ్యాలు వాడడం ఘోరమైన తప్పిదమని కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతున్నది. రహస్యంగా తయారుచేసి అమ్మేవారిని అది మరింత తీవ్రంగా ఖండిస్తున్నది. కీర్తిశేషులు ఫ్రాన్సిస్ పోపుగారు 2014 జూన్‌లో, తిరిగి 2024 జూన్‌లో, వాడకాన్ని చట్టబద్ధం చేయడం ఈ సమస్యకు పరిష్కారం కాదన్నారు. మత్తుకు బానిసైన ప్రతి మనిషి వెనుక ఒక కథ ఉన్నదని, అతని మాట వినాలని, అతనిని ప్రేమించి స్వస్థపరచాలని కూడా వారు కోరారు. ఈ రెండు మాటల్లో ఒకటి పట్టుకుని రెండోది విడిచిపెట్టడానికి మనకు అధికారం లేదు.

అనుమతిస్తే కల్తీ పోతుంది, అంతా అదుపులో ఉంటుంది అని వాదించేవారున్నారు. ఈ వాదాన్ని పరీక్షించడానికి మనం కెనడా దాకా పోనక్కరలేదు. మన తెలంగాణలో కల్లు దుకాణానికి లైసెన్సు ఉంది. అయినా ఆ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన ఉదంతాలు ఎన్ని చూడలేదు! అది ఒక్క పూట దొరక్కపోతే చేతులు వణికి, మతి తప్పి ఆసుపత్రి పాలైన కూలివాళ్ళు మనవాళ్ళు కాదా? లైసెన్సు బోర్డు ఒక్కటే మనిషిని కాపాడలేదు.

అలాగని అందరినీ జైలులో పెడితే చాలు అనేవారి మాట కూడా నిలబడదు. పాత ఆదిలాబాదు జిల్లా ఏజెన్సీలో పత్తి, కంది సాళ్ళ మధ్య గంజాయి మొక్కలు దొరికిన కేసులు ఎన్నో ఉన్నాయి. పత్తి ధర పడిపోయి, అప్పు మీద పడినప్పుడు దళారీ మాట తీయగా వినిపిస్తుంది. పోలీసులు వచ్చేసరికి చేనులో ఉండేది రైతు, దళారీ కనిపించడు. జైలుకు పోయినవాని భార్యాబిడ్డలు కైకిలికి పోతారు. తప్పు తప్పే. కాని ఆ తప్పులో పెద్దవాటా ఎవరిదో అడగడం న్యాయంలో భాగమే.

ఇక చరిత్ర నేర్పిన పాఠం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరిలో అది అమలులోకి వచ్చింది. చదువులేని స్త్రీలు అడిగితే ప్రభుత్వాలు కదిలాయి! కాని 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. ఆదాయం కావాలని అడిగేవారు, వ్యాపారం కావాలని అడిగేవారు ఆ తలుపును విడిచిపెట్టలేదు. తల్లులు మాత్రం గెలిచామనుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. వితంతువు ఒక్కసారి వెళ్ళి ఊరుకుని ఉంటే ఆమెకు న్యాయం జరిగేదా?

కాబట్టి ప్రతి విచారణలోని తల్లిదండ్రులు, యువజనులు, ఉపదేశులు కూర్చుని ఒక వినతిపత్రం రాయండి. ఏ తలుపు తట్టాలో తెలిసి రాయండి. మాదకద్రవ్యాల చట్టం పార్లమెంటు చేసినది. దానిని మార్చవద్దన్నా, మార్చమన్నా అడగవలసింది ఎంపీని. చికిత్స, పోలీసు, వ్యవసాయం రాష్ట్రం చేతిలోవి. వాటికి ఎమ్మెల్యేను అడగాలి.

మత్తు వాడకానికి అనుమతి ఇవ్వవద్దని అడగండి. డాక్టరు పర్యవేక్షణలో రోగికి అందే మందును మాత్రం అడ్డుకోవద్దని అడగండి. మన ప్రతి జిల్లా ఆసుపత్రిలో మత్తు మాన్పించే వార్డు, అందులో డాక్టరు, మంచాలు ఉండాలని అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2025లో మాదకద్రవ్యాల నిరోధక విభాగాన్ని ఈగల్ పేరుతో బలపరచింది. పట్టుకునే చేతికి బలమిచ్చినట్లే బాగుచేసే చేతికీ బలమివ్వాలని చెప్పండి. గిరిజన రైతు పంటకు గిట్టుబాటు ధర అడగండి. దళారీని, వాని వెనుక ఉన్న పెట్టుబడిదారుని పట్టుకోమని అడగండి.

ఈలోగా మీ ఇంట్లో అబ్బాయి మత్తులో పడితే పరువు పోతుందని దాచకండి. తక్కువ పరిమాణంతో దొరికినవాడు, వాడకానికి బానిసైనవాడు తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు వస్తే శిక్ష నుండి రక్షణ పొందే మార్గాన్ని ఆ చట్టంలోని 64ఎ సెక్షను చూపుతున్నది. సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. తప్పిపోయిన కుమారుడిని చూసి పరుగెత్తి ఎదురు వెళ్ళిన తండ్రి కథ కూడా లూకా సువార్తలోనిదే.

ఒక్క హెచ్చరిక. ఎన్నికల నాడు నోటు, సీసా తీసుకున్న ఇంటివారు మర్నాడు ఏ ముఖంతో వినతిపత్రం ఇస్తారు? ఆ వితంతువు న్యాయాధిపతికి ఏమీ బాకీపడలేదు. అందుకే అతని ముందు తల ఎత్తుకుని నిలబడింది.

ఆ ఉపమానం చివర ప్రభువు ఒక ప్రశ్న వేశారు: మనుష్యకుమారుడు వచ్చినప్పుడు భూమి మీద ఇటువంటి విశ్వాసం ఆయనకు కనబడునా? జవాబు చెప్పవలసినది మనమే. జపమాల చెప్పుకుని వెళ్ళండి. వినకపోతే మళ్ళీ వెళ్ళండి.