ఆలస్యమైతే అపజయమేనా?

మన పెద్దవాళ్లు మహా గడుసువాళ్లు. 'ఆలస్యం అమృతం విషం' అన్నదీ వాళ్లే, 'నిదానమే ప్రధానం' అన్నదీ వాళ్లే. ఎప్పుడు ఏది వాడుకోవాలో మాత్రం మనకే వదిలేశారు. మా బుద్వేల్‌లో ఉంటే మొదటి సామెతే నిజమనిపిస్తుంది. 2008లో శంషాబాద్‌కి విమానాశ్రయం వచ్చింది. మరుసటేడు మెహిదీపట్నం నుంచి ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. 2023 ఆగస్టులో ఇక్కడి వంద ఎకరాలు ఒక్కరోజు వేలంలో 3,600 కోట్ల రూపాయలకు పైగా పలికాయి. ఇంత పరుగు మధ్య, 35 ఏళ్లు దాటినా పూర్తికాని పనిని పట్టుకు వేలాడే మనిషి కనిపిస్తే ఏమనిపిస్తుంది చెప్పండి?

మా పక్కింటావిడకైతే ఏడుపొస్తుంది. ఆ మనిషి ఆవిడ కొడుకే మరి! పగలంతా కంపెనీలో ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక ఈ పని. దమ్మిడీ రాదు. "పెళ్లిచూపులకొచ్చినవాళ్లు అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా అనడిగితే ఏం చెప్పనమ్మా? సిగరెట్టు లేదు, మందు లేదు, హర్డ్ ఒక్కటే ఉందని చెప్పనా?" అంది మొన్న. నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

హర్డ్ అనేది ఒక కెర్నెల్. కంప్యూటర్‌కి కెర్నెల్ బాదంకాయలో పప్పులాంటిది. పైకి కనిపించదు. మెమరీ ఎవరికెంత, కీబోర్డు మాట ఎవరు వినాలి, ఎవరి వంతు ఎప్పుడు అని పంచిపెట్టేది అదే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ 'గ్నూ' అనే ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తానని ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. మిగతా సరంజామా ఒక్కొక్కటే అమరుతూ వచ్చింది. కెర్నెల్ మిగిలింది. దానికి మొదట తాను ప్రేమించిన అమ్మాయి పేరు పెడదామనుకున్నాడట! చివరికి, ముఖ్యంగా ఆ పని చేస్తున్న ఇంజనీరు ఇష్టప్రకారం హర్డ్ అనే పేరు నిలిచింది. నవలలు రాసుకునేదాన్ని కదా, ఆ ముక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

పని 1990లో మొదలైంది. ఎందుకింత ఆలస్యం అంటే, ఎంచుకున్న దారి అలాంటిది. మామూలు కెర్నెల్ ఒంటిచేత్తో ఇల్లంతా నడిపే ఇల్లాలు. అన్నీ చకచకా జరిగిపోతాయి. ఆవిడ మంచం పడితే మాత్రం పాలు కాచే దిక్కుండదు. హర్డ్‌వాళ్లు అలా వద్దనుకున్నారు. మధ్యన చిన్న కెర్నెల్, చుట్టూ ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాం. ఒకటి పడిపోయినా మిగతా ఇల్లు నడవాలి. ఇంట్లో ఎవరి గది వాళ్లు తమకిష్టమైనట్టు సర్దుకోగలగాలి. వినడానికి ఎంత బాగుందో! కానీ పదిమందికి పని పంచిన ఇల్లాలిని అడగండి. ఎవరు ఎవరికి కబురు పంపారు, అందిందా లేదా, ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఊరికే కూర్చున్నారా... ఈ చిక్కులు విప్పడంలోనే ఏళ్లు గడిచిపోయాయి.

ఇంతలో 1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఒంటిచేతి ఇల్లాలి పద్ధతిలోనే లినక్స్ రాసేశాడు. మరుసటేడు దాన్ని గ్నూవారి లైసెన్సు కిందే పంచిపెట్టాడు. లోకం అందుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది అదే. మన హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థవాళ్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చినప్పుడూ లినక్స్ మీదే కట్టారు. తప్పేముంది? పిల్లలు ఆకలంటే వెలుగుతున్న పొయ్యి మీదే వండుతాం గానీ రేపెప్పుడో వచ్చే మంచి పొయ్యి కోసం ఆగం. స్వేచ్ఛగల కెర్నెల్ ఒకటి ఉండనే ఉంది కనుక హర్డ్ పూర్తికావడం అంత అవసరం కాదని 2010లో స్టాల్‌మన్ కూడా అన్నాడు.

మరి ఇంకా ఎందుకు? ఆ అబ్బాయినే అడిగాను. "అందరూ దీన్నే వాడాలని కాదాంటీ. ఇల్లు ఇలా కూడా నడపొచ్చా అన్నది ఇంకా తేలలేదు కదా" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. పందెం వేరు, ప్రశ్న వేరు. పందెంలో ఒకరు గెలిస్తే మిగతావాళ్లు ఇళ్లకు పోవచ్చు. ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు పోయేనాటికి ఆయన తలపెట్టిన విజ్ఞానసర్వస్వం 'అ' అక్షరం దాటలేదు. ఆయన ఓడిపోయారని ఎవరం అనం. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊరూపేరూ తెలియని ఎందరో ఆ కోరికనే ఇంకో రూపంలో మోస్తున్నారు. హర్డ్ కూడా ఊరికే కూర్చోలేదు. డెబియన్ అనే పెద్ద భాండాగారంలోని ప్రోగ్రాముల్లో సుమారు 72 శాతం 2025 నాటికి దానికోసం తయారయ్యాయి. మన కాలేజీ లెక్కలో ఫస్టు క్లాసే!

అంతమాత్రాన నిదానమంతా గొప్పదేనని నేననను. మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఈ ఓపికకి ఖరీదు కడుతున్నదెవరు? ఏళ్ల తరబడి ఒక పనిలో మునిగిన మహానుభావుల కథలు చాలా విన్నాం. వాళ్ల కోసం అన్నం వేడిచేసి పెట్టిన చేతుల కథ ఎక్కడా వినం. తన నిద్ర ఖర్చుపెట్టుకుంటే అది తపస్సు. అడగకుండా ఇంకొకరి సాయంకాలాలు ఖర్చుపెడితే దానికి వేరే పేరుంది.

అందుకే ఆ అలవాటు దాచొద్దని ఆవిడకి చెప్పాను. పెళ్లిచూపుల్లో జీతం ఎంతో చెప్పినట్టే, రాత్రుళ్లు ఎన్ని గంటలు హర్డ్‌కి పోతాయో అబ్బాయే స్వయంగా చెప్పాలి. వచ్చే అమ్మాయికీ ఏదో ఒక నిదానమైన పని ఉండొచ్చు, సంగీతమో, చదువో. ఆమె గంటలెన్నో కూడా అతను అడగాలి. పని పంచుకుని ఇల్లు నడపొచ్చని నిరూపించాలనుకునేవాడు ఆ ప్రయోగం అక్కణ్ణుంచే మొదలుపెట్టొద్దూ?