మైనరు తరఫున సంతకం

పిల్లల తరఫున పెద్దవాళ్ళు నిర్ణయాలు తీసుకోవడం మనకు చాలా మామూలు సంగతి. పేరు మనమే పెడతాం. చెవులు మనమే కుట్టిస్తాం. ఏ బడికి పంపాలో, ఏ భాషలో చదివించాలో మనమే తేలుస్తాం. వీటిలో ఏదీ పిల్లల్ని అడిగి చేసేది కాదు. ఈ హక్కు మనకు ఎక్కణ్ణుంచి వచ్చింది, దాని హద్దు ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడో ఒకసారి గాని ఎదురుపడదు. నాకది ఒక తొమ్మిదేళ్ళ పిల్ల నోటి విషయంలో ఎదురైంది.

మా బామ్మర్ది భివండి పద్మనగర్‌లో ఉంటాడు. ఎనిమిది సాంచాలు కిరాయికి తీసుకుని నడుపుతాడు. చిన్న కూతురికి పుచ్చిన పాలపన్ను తీయించడానికి వెళ్తే డాక్టరు ఇంకో సంగతి చెప్పాడు. పిల్ల పై దవడ ఇరుకుగా ఉంది. నోరు మూసినప్పుడు కుడిపక్క పై పళ్ళు కింది పళ్ళను కప్పవలసింది పోయి వాటి లోపలికి పడుతున్నాయి. పళ్ళు కలవడం కోసం కింది దవడ ప్రతిసారీ కాస్త పక్కకు జరుగుతోంది. అంగిలికి ఒక మర బిగించి పై దవడను వెడల్పు చేయాలన్నాడు.

"బావా, ఇప్పుడైతే మరతోని అయిపోతదట. పెద్దగైనంక ఆపరేషనేనట. ఏం జేద్దాం?" అని బామ్మర్ది నన్నడిగాడు. అతని భార్య నాకు చెల్లెలి వరస. ఆమె "పెండ్లి నాటికి పండ్లు సక్కగుండాలె గదన్నా" అంది. మా అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన నోట్లె ఇనుం పెట్టుడేంది? రేపు అది పెద్దగై, నన్నడగకుంట నా నోట్లె ఎందుకు పెట్టిండ్రంటే ఏం జెప్తవ్?" అని కొడుకును నిలదీసింది. బడి మొహం చూడని ముసలామె వేసిన ఈ ప్రశ్న చాలామంది చదువుకున్నవాళ్ళకు తోచదు. దానికి జవాబు వెతకడమే ఈ వ్యాసం.

ముందు ఆ మర సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన అంగిలి పుట్టుకతో ఒకే ఎముక కాదు. కుడి ఎడమ పలకలు రెండు నడుమ గీత దగ్గర కలుస్తాయి. ఆ కలిసే చోట చిన్నతనంలో గట్టి ఎముక ఉండదు, మెత్తని అతుకు ఉంటుంది. ఎక్స్‌పాండర్ అనే పరికరాన్ని పై దవడ పళ్ళకు బిగిస్తారు. దాని నడుమ ఒక చిన్న మర ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు సన్నని తాళంచెవితో రోజుకు ఒకసారో రెండుసార్లో దాన్ని తిప్పాలి. ఒక్కో తిప్పుకు సుమారు పావు మిల్లీమీటరు జరుగుతుంది. కొన్నాళ్ళకు ముందుపళ్ళ మధ్య సందు కనిపిస్తుంది. ఇంటివాళ్ళు కంగారు పడతారు గాని, అతుకు విచ్చుకుంటోందనడానికి అదే గుర్తు. తర్వాత ఆ సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. తిప్పడం ఆపాక కూడా నెలల తరబడి పరికరాన్ని అలాగే ఉంచుతారు. విచ్చుకున్న చోట కొత్త ఎముక పట్టాలి గదా.

ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ పద్నాలుగేళ్ళ అమ్మాయికి ఇలాంటి మరే పెట్టి, దవడ వెడల్పయిందని ఒక పత్రికలో రాశాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. పద్ధతి దాదాపు మరుగునపడి, 1961లో ఆండ్రూ హాస్ అనే అమెరికన్ వైద్యుడు తన ఫలితాలు ప్రచురించాక మళ్ళీ వాడుకలోకి వచ్చింది. ఏంజెల్ కథలో నన్ను ఆపిన వివరం వేరే ఉంది. ఆ మర తాళంచెవిని ఆయన ఆ అమ్మాయి చేతికే ఇచ్చాడు. తన నోటిలోని మరను తానే బిగించుకుంది. ఇవాళ తొమ్మిదేళ్ళ పిల్లల విషయంలో తాళంచెవి తల్లి చేతిలో ఉంటుంది. వయసు తగ్గితే ఎముక తేలిగ్గా లొంగుతుంది. అయితే వయసు తగ్గినకొద్దీ పిల్ల తన మాట తాను చెప్పుకోగల శక్తి కూడా తగ్గుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎదిగాక ఆ పిల్లనే అడగవచ్చు గదా అంటారా? ఆలోగా అతుకు గట్టిపడుతుంది. డెన్మార్కుకు చెందిన బిర్తే మెల్సెన్ 1975లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, చిన్నతనంలో ఇంచుమించు తిన్నగా ఉండే ఆ అతుకు, యౌవనం వచ్చేసరికి వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు పెనవేసుకుపోతుంది. ఆ తర్వాత మామూలు మరతో పని జరగడం కష్టం. ఎముకలోకే మేకుల్లాంటి మరలు దించడమో, శస్త్రచికిత్సో కావలసి వస్తుంది. అంటే "ఇప్పుడు వద్దు, అదే పెద్దయ్యాక చూసుకుంటుంది" అనడం నిర్ణయాన్ని పిల్లకు వదిలిపెట్టడం కాదు. మనమే ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని నిర్ణయం కానట్టు చూపించుకోవడం. బ్యాంకు భాషలో చెప్పాలంటే, గడువు ఉన్న హక్కును గడువు దాటేదాకా వాడకపోతే అది పోతుంది. ఎవరు పోగొట్టారని అడిగితే ఊరుకున్నవాడినే చూపించాలి.

కాబట్టి మా అత్తమ్మ మాట ఒక వైపు ఒప్పుకుంటూనే, ఇంకో వైపు ఒప్పుకోలేకపోయాను. పిల్లను అడగకుండా చేయడం ఎంత తప్పో, అడగలేమన్న సాకుతో చేయకపోవడమూ అంత తప్పు కావచ్చు. అయితే దీన్నుంచి "మా పిల్ల, మా ఇష్టం" అన్న తీర్మానానికి వెళ్ళిపోకూడదు. మధ్యలో మూడో దారి ఒకటి ఉంది. అది నాకు మతగ్రంథాల్లో కాక, రోజూ చూసే కాగితాల్లో దొరికింది.

మైనరు ఆస్తికి తండ్రి యజమాని కాడు, సంరక్షకుడు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఎనిమిదో సెక్షను ఈ తేడాను బాగా పట్టుకుంది. మైనరుకు అవసరమైనవి, మేలు చేసేవి అయిన పనులు సంరక్షకుడు చేయవచ్చు. కాని కోర్టు అనుమతి లేకుండా పిల్లవాడి ఇల్లూ పొలమూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఐదేళ్ళు మించి గాని, వాడు మేజరైన తర్వాత ఏడాది దాటేలా గాని కౌలుకు ఇవ్వకూడదు. ఈ చివరి మాట చూడండి. రేపు మేజరయ్యేవాడి చేతులు ఇవాళే కట్టేయకు అని దాని భావం. సంరక్షకుడు ఈ హద్దు దాటి అమ్మితే, ఆ అమ్మకం చెల్లదని కోర్టుకు వెళ్ళే హక్కు మైనరుకు ఉంది.

ఒంటి విషయంలో కూడా చట్టం ఒక గీత గీసింది. ఏంజెల్ తన మర గురించి రాసిన 1860లోనే మన దేశంలో శిక్షాస్మృతి వచ్చింది. పన్నెండేళ్ళ లోపు పిల్లకు మేలు కోరి, సంరక్షకుడి ఒప్పుదలతో, చిత్తశుద్ధితో చేసిన పని నేరం కాదని దాని 89వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 27వ సెక్షనుగా ఆ మాటే ఉంది. ఇందులో షరతు "మేలు కోసం" అన్నది. ఆ మేలు పిల్లది కావాలి, మనది కాదు. ఆస్తి అమ్మితే రద్దు దావా వేయవచ్చు. విచ్చుకున్న అంగిలికి రద్దు దావా లేదు. అందుకని ఇక్కడ సంరక్షకుడు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఈ కొలతతో చూస్తే ఒకే నోటిలో రెండు వేరు వేరు ప్రశ్నలు కనిపించాయి. పళ్ళు ఎదురుగా పడక కింది దవడ పక్కకు జరగడం మొదటిది. పెరిగే వయసులో దాన్ని అలాగే వదిలేస్తే ముఖం ఒక పక్కకు ఒరిగి పెరిగే ప్రమాదం ఉంది, నమలడంలోనూ ఇబ్బంది ఉంటుంది. ఇది అవసరం, పైగా దీనికి గడువు ఉంది. రెండోది మా చెల్లెలు చెప్పిన పెళ్ళి సంగతి. పై వరుసలో ఒక పన్ను కాస్త పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది. అది అందం ప్రశ్న. దాన్ని సరిచేసే తీగలు పదమూడేళ్ళకూ కట్టవచ్చు, ఇరవై ఐదేళ్ళకూ కట్టవచ్చు. గడువు లేనిదాన్ని మనం తొందరపడి తేల్చడమెందుకు? ఆ పన్ను ఎవరికి ఇబ్బంది, పిల్లకా, రేపు చూడవచ్చే పెళ్ళివారికా?

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా కావాలి. గడువు అన్న మాటతో భయపెట్టడం సులువు. అతుకు అందరిలోనూ ఒకే వయసుకు మూసుకోదు. 1977లో స్వీడన్ పరిశోధకులు పెర్సన్, థిలాండర్ పరీక్షించినవారిలో పదిహేనేళ్ళకే ఎముక పట్టడం మొదలైన వారూ ఉన్నారు, ఇరవై ఏడేళ్ళకూ పట్టనివారూ ఉన్నారు. "ఈ నెలలోనే చేయించకపోతే ఇంక అంతే" అని ఎవరైనా అంటే తాపీగా ఇంకో డాక్టరును అడగడానికి వ్యవధి ఉంటుందన్నమాట. గురక పోతుందని, చదువులో చురుకు వస్తుందని చెప్పి ఇరుకు లేని దవడకు కూడా మర పెట్టించమనేవాళ్ళు ఉన్నారు. దవడ ఇరుకు లేని పిల్లలకు కేవలం నిద్రలో ఊపిరి ఇబ్బంది పేరు చెప్పి వెడల్పు చేయడం తగదని 2019లో అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం నివేదికే చెప్పింది. ఏడేళ్ళ వయసుకల్లా పిల్లల్ని ఒకసారి చూపించమనేదీ ఆ సంఘమే. చూపించడం వేరు, మర పెట్టించడం వేరు.

ఇదంతా కుటుంబం నాలుగు గోడల మధ్య తేలిపోయే నీతి అనుకుంటే పొరపాటు. నేను తొమ్మిదేళ్ళవాణ్ణిగా ఉన్నప్పుడు బడి నుంచి రాగానే కండెలు చుట్టేవాణ్ణి. నల్లగొండ నుంచి వచ్చిన మా నాయన పన్నెండు గంటల పాళీలో సాంచాల మధ్య నిలబడేవాడు. నా భుజాల సంగతి, ఆయన చెవుల సంగతి ఎవరూ ఎవరినీ అడగలేదు. అడగడానికి తీరిక కావాలి, తీరికకు డబ్బు కావాలి. ఇప్పటికీ గడువున్న వైద్యం ఏదైనా పేదవాడి ఇంట్లో వరుసలో నిలబడే ముగిసిపోతుంది. ముంబయిలో సెయింట్ జార్జి ఆసుపత్రి ఆవరణలో సర్కారీ డెంటల్ కాలేజీ ఉంది, నాయర్ ఆసుపత్రి వాళ్ళ డెంటల్ కాలేజీ ఉంది. కాని భివండి నుంచి బస్సులో కల్యాణో ఠాణేనో చేరి, అక్కణ్ణుంచి లోకల్ ఎక్కి, ఓపీడీ వరుసలో నిలబడి తిరిగి వచ్చేసరికి ఒక పాళీ పోతుంది. పీసు లెక్కన కూలి తీసుకునేవాడికి పాళీ అంటే ఆ రోజు పొయ్యి. ఇలాంటివి ఒక్కసారితో అయ్యేవీ కావు.

పిల్లల్ని బడిలోనే పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో, అప్పట్లో మన ఠాణే జిల్లాలోనే ఉన్న పాల్ఘర్‌లో మొదలైంది. పళ్ళ జబ్బులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన పిల్లల బడికి ఆ బృందం వచ్చిందా, నోరు తెరిపించి చూసిందా అని అడగడం కూడా సంరక్షకుడి పనే. మన సంఘాల్లో వార్షికోత్సవ సన్మానాలకు అయ్యే శాలువల ఖర్చు తగ్గించుకుంటే, ఏడాదికి ఒకసారి పిల్లలకు పళ్ళ పరీక్ష ఏర్పాటు చేయడం పెద్ద బరువు కాదు.

ఇక పిల్ల మాట. సమ్మతి ఇచ్చే వయసు లేదు గనుక దానితో మాట్లాడనక్కర లేదని చట్టం కూడా అనదు. మన దేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, తనకు సంబంధించిన విషయంలో పిల్ల అభిప్రాయం వినాలంటుంది. నేను కూర్చోబెట్టి అంతా చెప్పాను. రెండు ప్రశ్నలు వేసింది. "మామా, నొస్తదా? బడిల మాట్లాడస్తదా?" మొదట్లో పళ్ళ దగ్గరా ముక్కు దగ్గరా ఒత్తినట్టుంటుందనీ, నోట్లో నీళ్ళు ఊరతాయనీ, కొన్నాళ్ళు మాట ముద్దగా వస్తుందనీ ఉన్నదున్నట్టు చెప్పాను. నొప్పేమీ ఉండదని అబద్ధం చెప్పి ఒప్పించడం తేలికే. కాని తన నోరు తనకు చెప్పే నిజాన్ని అది మర్నాడే తెలుసుకుంటుంది. ఆ తర్వాత మన మాట నమ్మడం మానేస్తుంది. కాసేపు ఆలోచించి, "పరీక్షలైనంక పెట్టిద్దాం" అంది. డాక్టరును అడిగితే రెండు నెలల్లో పోయేదేమీ లేదన్నాడు. ఆ మేరకు ఆ పిల్ల చెప్పిందే చేశాం. పిల్లకు పూర్తి నిర్ణయం ఇవ్వలేనప్పుడు ఇవ్వగలిగిన భాగం ఇవ్వాలి. ఎప్పుడు, ఏ పూట, ఎవరి చేత తిప్పించుకోవాలి వంటివి పెద్దవాళ్ళకు చిన్నవి, దానికి పెద్దవి.

వేసవిలో మర పెట్టించారు. తల్లి తిప్పేది, పిల్ల గోడ క్యాలెండరు మీద తిప్పులు లెక్కరాసేది. మొదటి వారం "బళ్ళు, పళ్ళు" అనడానికి నాలుక తడబడి తనే నవ్వేది. మా అత్తమ్మ నెల రోజులు గొణిగి, ఆ తర్వాత అన్నం మెత్తగా వండి పెట్టింది. ఆమె వేసిన ప్రశ్న మాత్రం తీరిపోలేదు, తీరకూడదు కూడా. ఆ పిల్ల ఎప్పుడో ఒకనాడు అడిగితే ఎందుకు చేశామో, ఎవరి మాటతో చేశామో, ఏది దాని కోసం ఆపి ఉంచామో చెప్పడానికి బామ్మర్ది సిద్ధంగా ఉండాలన్నాను. పక్క పన్ను మీదికెక్కిన ఆ ఒక్క పన్నును ఎవరూ ముట్టుకోలేదు. అది సరిచేయించుకోవాలో, అలాగే ఉంచుకోవాలో ఆ పిల్ల చెబుతుంది.