బదరీ వృక్షము క్రింద దొరికిన ఆదరణ

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–18

కర్మెలు పర్వతముమీద అగ్ని దిగుట చూచిన ప్రవక్త కొలదికాలములోనే మరణమును కోరుకొనెను. లేఖనము ఈ సంగతిని దాచలేదు. యెజెబెలు బెదిరింపు విని ఏలీయా పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టెను. ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము సాగిపోయి, బదరీ వృక్షము క్రింద కూర్చుండి తన ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. హెబ్రీ మూలములో ఆ వృక్షము పేరు ‘రోతెమ్’. అది సన్నని రెమ్మలుగల ఎడారి పొద. దాని నీడ స్వల్పము. నిరాశలో నున్నవానికి దొరకు ఆశ్రయము తరచుగా అంతమాత్రమే.

అట్టి నీడలో కూర్చున్నవారు నేటి మహానగరములలోను కలరు. ఢిల్లీలోని కరోల్ బాగ్ తెలుగువారికి క్రొత్త చోటు కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఒకటి దాని చెంతనే ప్రసాద్ నగర్‌లో నున్నది. సివిల్ సర్వీసు పరీక్షకు సిద్ధపడుటకై తెలుగు నాటనుండి ఏటేట యౌవనులు కరోల్ బాగ్‌కును, ప్రక్కనున్న ఓల్డ్ రాజేంద్రనగర్‌కును వచ్చుచున్నారు. 2023వ సంవత్సరపు పరీక్షకు దేశమంతట 10 లక్షలకు పైగా దరఖాస్తు చేయగా, తుదకు ఎంపికైనవారు 1,016 మంది. కాబట్టి ఓటమి అక్కడ అరుదైన సంగతి కాదు. అధిక సంఖ్యాకుల అనుభవము అదియే.

2024 జూలై 27న ఓల్డ్ రాజేంద్రనగర్‌లోని ఒక శిక్షణా సంస్థ నేలమాళిగ గ్రంథాలయములోనికి వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. దేశము దుఃఖించెను. అయితే ఆ వీధులలోనే అద్దెగదులలో లోలోపల మునిగిపోవు హృదయముల మొర ఎవరికి వినబడును? “అమ్మా, బాగుగానే చదువుచున్నాను” అని ఫోనులో చెప్పి, ఆ రాత్రి అన్నము ముట్టని కుమారుడు అక్కడ ఉండవచ్చును. అప్పుచేసి పంపిన తండ్రికి ముఖము చూపలేక క్రిస్మసు పండుగకైనను ఇంటికి రాని కుమార్తె ఉండవచ్చును. ఆదివారము ఆరాధనలో అందరితో పాడి, ఎవరితోను మాట్లాడక వెళ్ళిపోవువారును ఉండవచ్చును.

దేవుడు ఏలీయాను నడిపిన క్రమమును గమనింపవలెను. మొదట ఆయన గద్దింపలేదు. దూత వచ్చి అతని తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెను, నీళ్ల బుడ్డిని చూపెను. అతడు తిని మరల నిద్రించెను. దూత రెండవమారును వచ్చెను. పిమ్మట హోరేబులో దేవుడు ఒక ప్రశ్న వేసెను. సమస్తము ఎరిగినవాడు అడిగినది తాను తెలిసికొనుటకు కాదు, అతడు తన గుండె విప్పుటకే. గాలి, భూకంపము, అగ్ని దాటిపోయి మెల్లని స్వరము వినబడిన పిమ్మట అదే ప్రశ్న మరల వచ్చెను. ఏలీయా అదే ఫిర్యాదు అవే మాటలతో చెప్పెను. “ఇది ఇంతకుముందే వింటిని” అని దేవుడు విసుగుకొనలేదు. అంతయు వినిన తరువాతనే ఆయన అతని తలంపును సరిదిద్దెను: అతడు ఒంటరి కాడు, ఏడు వేలమంది కలరు, అతనికి పని కలదు, తోడుగా ఎలీషా కలడు.

ఆహారము, విశ్రాంతి, ఆలకింపు, ఆ పిమ్మట బోధ. ఇదే ఆ క్రమము. నమ్మకము ముందు, మార్పు వెనుక. సంఘ పెద్దలు, తలిదండ్రులు పలుమారులు దీనిని తలక్రిందులు చేయుదురు; బోధతో మొదలుపెట్టుదురు; అంతటితో యౌవనుని నోరు మూతపడును.

1935లో ఇంగ్లాండులో చాద్ వారా అను యువ సేవకుడు ఒక బాలికకు భూస్థాపన జరిపించెను. తన శరీరములో సహజముగా కలిగిన మార్పును ఘోరమైన రోగమని తలంచి, అడుగుటకు ఎవరును లేక, ఆమె ప్రాణము తీసికొనెను. ఆ దుఃఖమును మరువని ఆయన 1953లో లండనులోని తన దేవాలయమునుండి నిరాశాపరుల నిమిత్తము సమారిటన్స్ అను పరిచర్య ఆరంభించెను. వచ్చినవారికి టీ ఇచ్చి కూర్చుండబెట్టిన సామాన్య సహాయకుల యొద్దనే అనేకులు మనస్సు విప్పి ఊరట పొందుట ఆయన కనుగొనెను. అది నిప్పులమీది రొట్టె వంటిదే.

అయితే నమ్మకము పెళుసైన పాత్ర. యౌవనుడు చెప్పిన రహస్యము ప్రార్థన అంశమను పేరున నలుగురిలో చాటబడినయెడల, అతడు మరల ఎవనియొద్దకును రాడు. ఒక్క సంగతి మాత్రము దాచరాదు: అతడు చావు మాట పలికినయెడల సూటిగా, మృదువుగా అడుగవలెను, ఒంటరిగా విడువరాదు, వైద్యుని యొద్దకు తోడు వెళ్లవలెను. వైద్యము అవిశ్వాసము కాదు. దూత తెచ్చినదియు శరీరమునకు కావలసిన ఆహారమే గదా! 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ సేవలో 14416 సంఖ్యకు ఫోను చేసినయెడల రేయింబగళ్లు తెలుగులోను మాటలాడవచ్చును.

యోహాను సువార్తలో ‘ఆదరణకర్త’ అని తెలుగులోనికి వచ్చిన గ్రీకు మాట ‘పరాక్లేతోస్’. ప్రక్కకు పిలువబడినవాడు అని దాని అర్థము. ప్రక్కన కూర్చుండువాడే ఆత్మ పనిలో పాలివాడు.

నిరాశలో నున్న యౌవనుడా, యౌవనురాలా! ఏలీయా ప్రార్థనలలో దేవుడు అనుగ్రహింపనిది ఆ బదరీ వృక్షము క్రింది ప్రార్థన. మరణమును వేడుకొనిన ఆ మనుష్యుడు మరణమును చూడకయే పరమునకు కొనిపోబడెను. ఆ దినమున అతడు ఒంటరిగా లేడు. విడువనని పట్టుబట్టిన ఎలీషా అతని ప్రక్కనే నడచుచుండెను.

ప్రార్థనాంశము: ఇంటికి దూరముగా చదువుకొనుచున్న యౌవనులును, వారి మాట ఆలకించువారును.