ఆపద్ధర్మమునకు వేఱొక ట్యాంకు

అమెరికాలో పావుమైలు దూరమును కొన్ని సెకనులలో ముగించు డ్రాగ్ రేసులయందు, ఇంజనుకు సహజముగా లేని బలమును క్షణకాలము ఎరువు తెచ్చుటకై నైట్రస్ ఆక్సైడును వాడుదురు. 1772లో ప్రీస్ట్లీ కనుగొనిన ఈ వాయువును హంఫ్రీ డేవీ స్వయముగా పీల్చి చూచి దాని మత్తును లోకమునకు చాటెను; రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు గాలి పలుచనైన ఎత్తులలో తమ విమానముల ఇంజనులకు దీనినే అందించిరి. ఇది పెట్రోలువలె మండు పదార్థమని పలువురు తలంతురు, కాదు. గాలిలో తూకమున నూటికి 23 పాళ్ళున్న ప్రాణవాయువు దీనియందు 36 పాళ్ళు కలదు. ఇంజను వేడిమికి ఇది విచ్ఛిన్నమై ఆ ప్రాణవాయువును విడుచును. అనగా ఇది ఆకలిని పెంచునే గాని అన్నము పెట్టదు. పెరిగిన ఆకలికి తగినంత పెట్రోలు అదే క్షణమున అందదేని జ్వాల మితిమీరి, పిస్టను శిరము కరగి చిల్లిపడును.

ఆ అదనపు పెట్రోలును కారు నిత్యము వాడుకొను గొట్టమునుండియే తీయవచ్చును. సామాన్యులు అట్లే చేయుదురు. కాని నైట్రస్ తెఱచుకొనినంతనే ఆ గొట్టములో పీడనము పడిపోయి, నిత్యపోషణకును అసాధారణపోషణకును రెంటికిని కొఱత కలుగునని గ్రహించిన అనుభవజ్ఞులు, బండి ముందుభాగమున చిన్న ట్యాంకు వేఱుగా బిగించి, దానికి ప్రత్యేకముగా ఒక పంపు, ఒక వడపోత, ఒక రెగ్యులేటరు అమర్చి, బంకులో దొరకని అధిక ఆక్టేను పెట్రోలును అందులోనే పోసికొందురు. అన్నిటికంటె మెచ్చదగినది వారి కొలత. పంపు తిరుగుచు పెట్రోలు ఎక్కడికిని పాఱకయున్నపుడు ముల్లు చూపు పీడనమును వారు లెక్కకు తీసికొనరు. నైట్రస్ సీసాను మూసి, నాజిలు దగ్గఱ గొట్టమును విప్పి, పందెములో వాడబోవు జెట్టునే దాని కొనకు తగిలించి, పెట్రోలును డబ్బాలోనికి పాఱనిచ్చి, అది పాఱుచుండగనే రెగ్యులేటరు మఱను త్రిప్పుదురు. అటుపిమ్మట పీడనము నిర్ణీతమైన మేరకు దిగినచో నైట్రస్‌ను తక్షణమే మూయు స్విచ్చి నొకదానిని కాపుంచుదురు.

నియమము పనికిరాని వేళకు వేఱొక నియమము ఉండవచ్చునా, ఉన్నచో అది దేనిపై బ్రతుకవలెను అను ప్రశ్న మన ధర్మశాస్త్రములకు క్రొత్త కాదు. భారతమున శాంతిపర్వము రాజధర్మమునకును మోక్షధర్మమునకును నడుమ ఆపద్ధర్మమునకు ఒక ఉపపర్వమునే కేటాయించినది. అచ్చట విశ్వామిత్రుడు కఱవుకాలమున చండాలుని యింట కుక్కమాంసమును అపహరింపబోయి, ఆ గృహస్థుతోనే ధర్మచర్చకు దిగును. చర్చ సుదీర్ఘము, అందు నాకు చండాలుని వాదమే బలముగా తోచును.

ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ ఇంతకంటె సూక్ష్మమైనది. వడగండ్లు పడి కురుదేశమున పైరులు నశింపగా భార్యతో మావటివారి పల్లె చేరిన ఈ పేద పండితుడు, మినుములు తినుచున్న ఒక మావటిని యాచించి, అతని ఎంగిలినే స్వీకరించెను. పిమ్మట మావటి నీళ్ళు ఇయ్యబోగా అవి ఎంగిలి యని నిరాకరించెను. మినుములు ఎంగిలి కావా యని మావటి అడుగగా, అవి తినకున్న బ్రతికియుండననియు, నీరు తనకు ఎచ్చటనైన దొరకుననియు సమాధానము చెప్పెను. బ్రహ్మసూత్రముల తృతీయాధ్యాయ చతుర్థపాదమున, ప్రాణము పోవు వేళనే సర్వాన్నమునకు అనుమతి యని నిర్ణయించుటకు శంకరులు ఈ కథనే సాక్ష్యముగా గ్రహించిరి. ఉపవాసమునకు పూర్వము నిగ్రహము కలవారు లోకమున కొల్లలు. కడుపులో మెతుకు పడి ప్రాణము లేచివచ్చిన క్షణమున, అనుమతి పాఱుచుండగనే, దానిని ఇంతవఱకే యని మూయగలిగినవాడు ఉషస్తి. పాఱని గొట్టమునందలి పీడనమును నమ్మరాదన్న మాట మనుష్యుని శీలము విషయమునను సత్యమే.

మన రాజ్యాంగకర్తలును అత్యవసరాధికారములను 18వ భాగమున వేఱుగనే పెట్టిరి. ట్యాంకు ఉన్నది, 1975లో దానిని తెఱచిరి, స్విచ్చి చాలలేదు. అత్యవసరస్థితి ఆఱునెలలకొకమాఱు పార్లమెంటు ఆమోదము పొందనిదే సాగరాదన్న కట్టడి 1978 నాటి 44వ సవరణతో గాని రాలేదు.

వేఱు ట్యాంకే ప్రలోభమగునని, సిద్ధముగానున్న అనుమతి ఆపదను వెదకుకొని పోవునని ఒక ఆక్షేపణ కలదు. అది నిజమే, నైట్రస్ బిగించుకొని ఎన్నడును మీట నొక్కనివాడు అరుదు. అయినను ట్యాంకు లేనివాడు మీట నొక్కకుండునని కాదు, నిత్యపు గొట్టమునుండి లాగుకొనును; అపుడు చెడునది పందెము మాత్రమే కాదు, ఇంటికి తిరిగివచ్చు దారియు.

నన్ను ఎక్కువగా బాధించునది వేఱు. ఆ మినుములు ఉషస్తికి ఆపదాహారము. మావటికి అవి ఆనాటి భోజనము. ఒకనికి అపవాదమైనది వేఱొకని దినచర్యయే యైనపుడు, ఆ రెండవవాని ఆపదకు మిగిలియున్న ట్యాంకు ఏది? ఇచ్చిన నీళ్ళు ఎంగిలి యని త్రోసివేయబడిన ఆ మావటిని ఉపనిషత్తు ఆ ప్రశ్న అడుగలేదు. మఱునాడు రాజు యజ్ఞశాలకు బయలుదేరిన ఉషస్తి వెంట కథయు సాగిపోయినది.